సేఫ్టీ రేజర్‌కు మారుతున్నారా? మొదటి సెట్టులో ఏది కొనాలి, ఏది ఆపుకోవాలి

సేఫ్టీ రేజర్‌తో (రెండంచుల విడి బ్లేడు బిగించుకునే రేజర్) గడ్డం గీసుకోవాలని సరదా పడ్డవాళ్లలో చాలామంది రేజర్ ఎంపిక దగ్గరే రోజులకు రోజులు గడిపేస్తారు. మోడళ్లన్నీ తిరగేస్తారు, అందరి అభిప్రాయాలూ చదువుతారు, చివరికి చూడ్డానికి బాగున్నది కొనేస్తారు. బ్లేడు మాత్రం డబ్బాలో వచ్చినదే. నురగ పాత స్ప్రే డబ్బాదే. వారం తిరక్కుండా మెడ మంటెత్తిపోతుంది, "ఇది మనకు పడేది కాదులే" అని పాత కార్ట్రిడ్జ్ రేజర్ (బ్లేడ్లున్న తల మొత్తాన్ని మార్చేది) మళ్లీ బయటికి తీస్తారు. ఆ మంటకు కారణం రేజరా, బ్లేడా, నురగా, చెయ్యా అన్నది మాత్రం తేలదు.

కాబట్టి మొదటిసారి కొనేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. తేడా వచ్చినప్పుడు తప్పు ఎక్కడుందో పట్టుకోగలిగేలా కొనండి. రేజర్, బ్రష్, క్రీమ్ మూడూ కొన్నాళ్లపాటు కదలకుండా ఉండాలి. మార్చి చూసేది బ్లేడు ఒక్కటే కావాలి. కింద చెప్పే ఎంపికలన్నింటినీ ఈ లెక్కతోనే చూశాను.

అసలు మీకిది అవసరమా?

మూడు, నాలుగు, అయిదు బ్లేడ్ల కార్ట్రిడ్జ్‌లో ముందు బ్లేడు వెంట్రుకను కొంచెం బయటికి లాగుతుంది. అది తిరిగి లోపలికి జారేలోపు వెనక బ్లేడు ఇంకా కిందికి కోస్తుంది. నున్నగా రావడానికి కారణం అదే. ఉంగరాల వెంట్రుకలు ఉన్నవాళ్లకు ఇబ్బంది పెట్టేదీ అదే. చర్మం కింద తెగిన కొస పెరుగుతూ పక్కకు తిరిగి చర్మంలోకే గుచ్చుకుంటుంది, ఎర్రటి పొక్కు లేస్తుంది. ఒకే బ్లేడు చర్మం మట్టానికి కోస్తుంది కాబట్టి ఈ బాధ చాలామందికి తగ్గుతుంది. దీనికి తోడు సేఫ్టీ రేజర్ బ్లేడు కార్ట్రిడ్జ్ కంటే బాగా చౌక, పారేసే ప్లాస్టిక్ కూడా ఉండదు.

కానీ సమయం పడుతుంది. కొత్తలో పావుగంట, చెయ్యి తిరిగాక దాదాపు పది నిమిషాలు. పొద్దున్నే మూడు నిమిషాల్లో పని తెమలాలి, కార్ట్రిడ్జ్‌తో మంటా పొక్కులూ ఏమీ లేవు అనుకుంటే రేజర్ మార్చాల్సిన పనే లేదు. బ్రష్షూ క్రీమూ కొనుక్కోండి చాలు, ఆ కార్ట్రిడ్జ్‌తోనే గడ్డం ఇంకా హాయిగా తెగుతుంది.

రక్తం పలచబడే మందులు వాడుతున్నవాళ్లు, గాటు పడితే రక్తం త్వరగా ఆగనివాళ్లు డాక్టర్‌ని అడక్కుండా ఇందులోకి దిగకండి.

దేన్ని బట్టి ఎంచుకోవాలి

అన్నిటికంటే ముఖ్యం, చెయ్యి తడబడినా రేజర్ ఎంతవరకు కాస్తుందన్నది. ఆ తర్వాత మీ గడ్డం మందమెంత, రోజూ గీస్తారా, రెండు మూడు రోజులకోసారా? చర్మం ఎంత సున్నితం? మీ ఇంటి నీళ్లు ఉప్పునీళ్లా, మంచినీళ్లా? ఈ చివరిదాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. సగం ఫిర్యాదులకు మూలం మాత్రం అక్కడే ఉంటుంది.

రేజర్ పిడి మీద చెక్కిన గీతలు, పెట్టె అందం, "ప్రీమియం" అన్న మాట, వీటిని పక్కన పెట్టేయొచ్చు.

రేజర్: ఏ రకం?

రేజర్ స్వభావాన్ని ముఖ్యంగా రెండు కొలతలు తేలుస్తాయి. బ్లేడు అంచుకూ కింది పలకకూ మధ్య సందు ఎంత, బ్లేడు అంచు ఎంత బయటికి పొడుచుకొచ్చింది. సందు తక్కువగా ఉండి, అంచు లోపలికి ఉంటే మైల్డ్. రెండూ పెరిగేకొద్దీ అగ్రెసివ్. అగ్రెసివ్ రేజర్ తక్కువ గీతల్లో ఎక్కువ వెంట్రుకలు తీస్తుంది, అదే చొప్పున గాట్లూ పెడుతుంది.

| రకం | తప్పును కాచే గుణం | శుభ్రం చేయడం | ఎవరికి |
|---|---|---|---|
| మూడు ముక్కలది (మూత, పలక, పిడి విడివిడిగా), మూసిన అంచు (పళ్లు లేనిది) | బాగుంటుంది | అన్నీ విడివడతాయి, చాలా సులువు | దాదాపు అందరికీ |
| రెండు ముక్కలది (పలక పిడికే అతుక్కుని ఉండేది) | బాగుంటుంది | సులువు | బ్లేడు తరచూ మార్చేవాళ్లకు |
| సీతాకోకచిలుక (పిడి తిప్పితే తలుపులు తెరుచుకునేది) | మోడల్‌ను బట్టి | తలుపుల సందుల్లో సబ్బు పేరుకుంటుంది | బ్లేడు పట్టుకోవడానికి భయపడేవాళ్లకు |
| ఓపెన్ కోంబ్ (దువ్వెన పళ్ల అంచు) | ఎక్కువ మోడళ్లలో తక్కువ | సులువు | గడ్డం బాగా పెంచి గీసేవాళ్లకు |
| అడ్జస్టబుల్ (సందు మార్చుకోగలిగేది) | సెట్టింగ్‌ను బట్టి | కొంచెం పని | తర్వాతి దశకు |
| షావెట్, మంగలి కత్తి | లేదు | వేరే లోకం | మొదటిసారికి వద్దు |

నా ఓటు మూడు ముక్కల మైల్డ్ రేజర్‌కే. ఈ తరగతిలో జర్మనీ కంపెనీ మ్యూలే చేసే ఆర్89, ఇంగ్లండ్ కంపెనీ ఎడ్విన్ జాగర్ చేసే డీఈ89 బాగా పేరున్నవి. రెండింటి తల డిజైన్ ఒకటే, పిడిలోనే తేడా. కాబట్టి ఈ రెండింటి మధ్య ఊగిసలాడేవాళ్లు పిడి చూసి తీసుకోవచ్చు, గీతలో తేడా ఉండదు. మెర్కుర్ 34సీ రెండు ముక్కలది, పొట్టి పిడి, సుమారు 77 గ్రాముల బరువు. ఆ బరువే పని చేస్తుంది, చెయ్యి నొక్కాలనిపించదు. కార్ట్రిడ్జ్‌తో నొక్కి గీయడం అలవాటైనవాళ్లకు ఇది మంచి మందు.

హెన్సన్ ఏఎల్13 దారి వేరు. అల్యూమినియంతో చేసింది, బరువు 34సీలో సగం ఉంటుంది. బ్లేడును అంచుకు చాలా దగ్గరిదాకా గట్టిగా అదిమి పట్టుకుంటుంది, అందుకని గీసేటప్పుడు బ్లేడు అదరదు. తల ఆకారమే కోణాన్ని చెబుతుంది, బల్లపరుపు భాగాన్ని చర్మానికి ఆనిస్తే సరిపోతుంది. సున్నితమైన చర్మం, పొక్కుల బాధ ఉన్నవాళ్లకు నేను ముందు దీన్నే చెబుతాను. ఒక చిక్కు ఉంది. దీంతోనే నేర్చుకున్నవాళ్లకు కోణం పట్టడం చేతికి రాదు, తర్వాత మరో రేజర్ పట్టుకుంటే మళ్లీ మొదటికొస్తారు. ఒక్క రేజర్‌తో సరిపెట్టుకునేవాళ్లకు ఇదేమీ లోటు కాదు.

అదే మ్యూలేలో ఆర్41 అని ఇంకొకటి ఉంది. పేరు చూస్తే ఆర్89కు తమ్ముడిలా ఉంటుంది, స్వభావంలో మాత్రం పొంతనే లేదు. మార్కెట్లో దొరికే బాగా అగ్రెసివ్ రేజర్లలో అదొకటి. పిడి ఒకేలా ఉందని పొరపాటున అది తెచ్చుకోకండి.

"మాది మొండి గడ్డం, మైల్డ్ రేజర్ ఆనదేమో" అనుకునేవాళ్లకు రాక్‌వెల్ 6సీ లాంటిది చూడమంటాను. దాంతో మూడు పలకలు వస్తాయి, ఒక్కోదానికి రెండు వైపులా వేరు వేరు సందులు, మొత్తం ఆరు సెట్టింగులు. తిప్పే మర కాకుండా పలకే మార్చాలి కాబట్టి షేవింగ్ మధ్యలో చెయ్యి ఊరికే ఉండక సెట్టింగ్ మార్చేసే ప్రమాదం లేదు. మెర్కుర్ ప్రోగ్రెస్ లాంటి తిప్పుడు అడ్జస్టబుల్స్ మంచివే, కానీ కొత్తవాళ్ల చేతిలో అవి రోజుకో రేజర్ అయిపోతాయి. నిన్నటి గాటు ఏ నంబరు మీద పడిందో ఇవాళ గుర్తుండదు.

లోహం సంగతి క్లుప్తంగా. అందుబాటు ధరల్లో దొరికేవి ఎక్కువగా జింక్ మిశ్రమం మీద క్రోమ్ పూత వేసినవి. పూత లేచిపోతే లోపలి లోహం పాడవుతుంది, మరను బలవంతంగా బిగిస్తే విరుగుతుంది. స్టెయిన్‌లెస్ స్టీల్ తరాలకు తరాలు ఉంటుంది, ధర కొన్ని రెట్లు. గడ్డం తెగడంలో మాత్రం లోహం వల్ల వచ్చే తేడా ఏమీ లేదు.

పాత రేజర్లు కొనాలన్న మోజు ఉన్నవాళ్లకు జిలెట్ టెక్, 1947 నుంచి వచ్చిన సూపర్ స్పీడ్ మంచి మోడళ్లు, రెండూ మైల్డే. సూపర్ స్పీడ్ కొనేటప్పుడు తలుపులు రెండూ సమానంగా మూసుకుంటున్నాయా, పిడి గొట్టంలో పగులు ఉందా అని చూసుకోండి. అది చూసుకోవడం రాదనుకుంటే కొత్తదే నయం.

షావెట్ చౌక కదా?

ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. మంగలి కత్తి ఆకారంలో ఉండి, సగానికి విరిచిన బ్లేడు పెట్టుకునేది షావెట్. చూస్తే అందరికంటే చౌక బేరం. నేర్చుకోవడానికి మాత్రం అసలైన మంగలి కత్తి కంటే కష్టం. సానబట్టిన కత్తి అంచు కంటే ఫ్యాక్టరీ బ్లేడు అంచు ఇంకా పదును, దాని మూలలూ పదునే. చర్మాన్ని కాచే పలక లేదు. అసలు కత్తికేమో గీసుకునే ప్రతిసారీ తోలుపట్టీ మీద తిప్పాలి, కొన్ని నెలలకోసారి సానరాయి మీద పెట్టాలి. ఆ పని మీదే ఇష్టం ఉన్నవాళ్లకు అదో వ్యాపకం. గడ్డం నున్నగా ఉంటే చాలు అనుకునేవాళ్లకు రెండూ వద్దు.

బ్లేడు: ఖర్చు తక్కువ, తేడా ఎక్కువ

జిలెట్ తొలి సేఫ్టీ రేజర్లు 1903లో అమ్మకానికి వచ్చాయి. ఇవాళ్టి రెండంచుల బ్లేడు ఆ వంశానిదే. మందం 0.1 మిల్లీమీటరు. ఏ కంపెనీ బ్లేడైనా ఏ కంపెనీ రేజర్‌లోనైనా కూర్చుంటుంది. కార్ట్రిడ్జ్ లోకంలో లేని స్వేచ్ఛ ఇది, దాన్ని వాడుకోండి.

పదును, అంచు మీది పూత (ప్లాటినం, క్రోమియం, జారుడుకు పీటీఎఫ్ఈ, అంటే టెఫ్లాన్ రకం పూత) బట్టి ఒక్కో బ్రాండు ఒక్కోలా ఉంటుంది. జపాన్ ఫెదర్ బాగా పదునైనదిగా పేరు మోసింది. డెర్బీ ఎక్స్‌ట్రా నెమ్మది బ్లేడని ఎక్కువమంది మాట. ఆస్ట్రా సుపీరియర్ ప్లాటినం మధ్యరకం, అందుకే కొత్తవాళ్లకు ఎక్కువగా దాన్నే సూచిస్తారు, నేనూ అంతే.

"సున్నితమైన చర్మం, కాబట్టి పదును తక్కువ బ్లేడు" అన్న తర్కం చాలాసార్లు ఎదురు తిరుగుతుంది. పదును చాలని బ్లేడు వెంట్రుకను కోయకుండా లాగుతుంది. లాగేసరికి చెయ్యి తెలియకుండానే నొక్కుతుంది. మంట ఆ నొక్కుడుతో వస్తుంది. మైల్డ్ రేజర్‌లో పదునైన బ్లేడు, ఇదే చాలామందికి కుదిరే జోడీ. అగ్రెసివ్ రేజర్‌లో మొద్దు బ్లేడు అంటే రెండు కష్టాలూ ఒకేసారి తెచ్చుకోవడం.

రకరకాల బ్లేడ్లు కలిపిన శాంపిల్ ప్యాకెట్టు కొనండి, కానీ వెంటనే రోజుకొకటి మార్చకండి. మధ్యరకం బ్లేడు ఒకదాంతో రెండు వారాలు గడవనివ్వండి. చెయ్యి కుదుటపడ్డాక బ్రాండు మార్చితే తేడా బ్లేడుదేనని నమ్మకంగా చెప్పొచ్చు. ఒక్కో బ్లేడు మూడు నుంచి అయిదు షేవింగ్‌లు వస్తుంది. లాగడం మొదలైతే లెక్క చూడకుండా పారేయండి.

బ్లేడు ఎక్కించేటప్పుడు ఒక నిమిషం ఆగి చూడాల్సింది ఒకటుంది. రేజర్ పై మూతను తిరగేసి అరచేతిలో పెట్టుకోండి. బ్లేడును పొట్టి అంచుల దగ్గర, అంటే పదును లేని వైపు పట్టుకుని పొడుచుకొచ్చిన మేకుల మీద కూర్చోబెట్టండి. పైన పలక పెట్టి పిడి బిగించండి. పూర్తిగా బిగిసేముందు బ్లేడు చివర్లను రెండు వేళ్లతో అదిమి ఉంచితే పక్కకు జరగదు. ఇప్పుడు రేజర్‌ను కంటికి ఎదురుగా నిలబెట్టి రెండు వైపులా బ్లేడు ఒకే మేర కనిపిస్తోందా చూడండి. ఒకవైపు ఎక్కువ బయటికొస్తే ఆ వైపు గాట్లు పడతాయి, రెండో వైపు ఏమీ తెగదు. "ఈ రేజర్ నాకు పడలేదు" అన్నవాళ్లలో కొందరి కథ ఇంతే.

బ్రష్

| జుట్టు | నానబెట్టాలా | అలవాటు పడే కాలం | ఆరడం |
|---|---|---|---|
| సింథటిక్ | అక్కర్లేదు | లేదు | చాలా త్వరగా |
| పంది | కొన్ని నిమిషాలు | కొన్ని వారాలు | నిదానం |
| బ్యాడ్జర్ (బొరియలు తవ్వే ఒక జంతువు) | కొద్దిగా | తక్కువ, మొదట్లో వాసన | నిదానం |
| గుర్రం | కొద్దిగా | తక్కువ | మధ్యస్థం |

సింథటిక్ తీసుకోండి. ఇందులో నాకు సందేహం లేదు. పందిజుట్టు బ్రష్ వాడేకొద్దీ కొసలు చీలి మెత్తబడుతుంది, గట్టి సబ్బు మీద దాన్ని మించింది లేదు, నిజమే. కానీ మొదటి వారాల్లో అది ఒక రోజు ఉన్నట్టు ఇంకో రోజు ఉండదు, నీళ్లు ఎంత పట్టుకుందో అంచనా అందదు. బ్యాడ్జర్‌లో ప్యూర్, బెస్ట్, సిల్వర్‌టిప్ అని గ్రేడ్లు రాస్తారు, వాటికి అన్ని కంపెనీలకూ వర్తించే కొలబద్ద లేదు. ఒకరి బెస్ట్ ఇంకొకరి సిల్వర్‌టిప్ కంటే బాగుండొచ్చు. జంతువుల జుట్టు వద్దనుకునేవాళ్లకు ఎలాగూ సింథటికే దారి. కుచ్చు మొదలు 22 నుంచి 24 మిల్లీమీటర్లు ఉన్నది ముఖానికి సరిగ్గా సరిపోతుంది.

క్రీమా, సబ్బా?

గట్టి షేవింగ్ సబ్బు నెలల తరబడి వస్తుంది, నురగ దట్టంగా ఉంటుంది. దాన్నుంచి సరైన మోతాదు బ్రష్‌కు ఎక్కించడానికి మాత్రం అలవాటు కావాలి. క్రీమ్‌తో ఆ తలనొప్పి లేదు. చిటికెన వేలి గోరంత క్రీమ్ తీసుకుంటే మోతాదు రోజూ ఒకటే. కడ్డీ సబ్బు ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది. తడి గడ్డం మీద రుద్ది బ్రష్‌తో తిప్పడమే, గిన్నె అక్కర్లేదు, సంచిలో కారదు. ప్రయాణాలు ఎక్కువ చేసేవాళ్లకు ఇది బంగారం. మొదటిది క్రీమ్, రెండోది కడ్డీ అన్నది నా వరస. స్ప్రే డబ్బా నురగలో ఎక్కువ భాగం గాలే, సేఫ్టీ రేజర్‌కు కావాల్సిన జారుడు అందులో తక్కువ.

నీళ్ల సంగతి ఇక్కడే వస్తుంది. ఉప్పునీళ్లలో ఉండే కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెల్లటి తెట్టుగా మారిపోతాయి. ఎంత తిప్పినా నురగ లేవదు, లేచినా ముఖం మీద ఆరిపోతుంది. అనుమానం ఉంటే ఒక్కసారి డిస్టిల్డ్ వాటర్‌తో నురగ చేసి చూడండి. అప్పుడు బాగా వస్తే క్రీమ్ తప్పు లేదు, నీళ్లదే. బ్రష్ తడపడానికీ నురగకూ ఆ కాస్త మంచినీళ్లు వాడుకోవచ్చు, లేదా క్రీమ్ కొంచెం ఎక్కువ వేయొచ్చు.

నురగ కుదిరిందో లేదో చూపుతో కంటే వేళ్లతో బాగా తెలుస్తుంది. చూపుడు వేలికీ బొటనవేలికీ మధ్య కొంచెం పెట్టి రుద్దండి. జారిపోతుంటే సరే. వేళ్లు అంటుకుంటే నీళ్లు చాల్లేదు, చుక్కలు చుక్కలుగా కలపండి. కంటికి కనిపించే బుడగలుంటే నీళ్లు ఒకేసారి ఎక్కువ పడ్డాయి. సరైన నురగకు తడి మెరుపు ఉంటుంది, పొడిపొడిగా తెల్లగా నిలబడి ఉన్నది ఫొటోకే పనికొస్తుంది.

గీసుకున్నాక పటిక ముక్క ఒకటి చాలు. తడి ముఖం మీద రుద్దితే ఎక్కడ నొక్కారో అక్కడ చురుక్కుమంటుంది, అదో ఉచిత పరీక్ష. పొడి చర్మానికి ఆల్కహాల్ ఉన్న లోషన్ కాకుండా బామ్ వాడండి.

మీరు ఎవరు?

రోజూ గీసుకునే మామూలు గడ్డం: ఆర్89 లేదా డీఈ89, ఆస్ట్రా, క్రీమ్, సింథటిక్ బ్రష్. ఇంకేం ఆలోచించకండి.

రెండు మూడు రోజులకోసారి, మొండి గడ్డం: అదే రేజర్, పదునైన బ్లేడు. గడ్డాన్ని రెండు మూడు నిమిషాలు వేడి నీళ్లతో తడిపితే కోయడానికి పట్టే బలం బాగా తగ్గుతుంది. అప్పటికీ ఆనకపోతే రాక్‌వెల్.

పొక్కులు, లోపలికి తిరిగే వెంట్రుకలు: హెన్సన్ లేదా మరో మైల్డ్ రేజర్. వెంట్రుకల వాలుకే గీయండి, ఎదురు గీయకండి. కాస్త గరుకు మిగిలినా ఫర్వాలేదనుకోవాలి. పూర్తి నునుపూ పొక్కుల్లేని మెడా రెండూ కావాలంటే కుదరదు.

తల గీసుకునేవాళ్లు: మైల్డ్, పొట్టి పిడి. వెనక భాగం కనిపించదు, చేతి స్పర్శే దిక్కు.

విమానాల్లో తరచూ తిరిగేవాళ్లు: విడి బ్లేడ్లనూ, బ్లేడు బిగించిన రేజర్‌నూ సాధారణంగా క్యాబిన్ బ్యాగులో పోనివ్వరు. చెక్ ఇన్ బ్యాగు లేని ప్రయాణాలే ఎక్కువైతే పాత కార్ట్రిడ్జ్‌ను పారేయకండి.

స్టాండు, ప్రత్యేక గిన్నె, ప్రీషేవ్ నూనె, అన్నీ కలిపిన గిఫ్ట్ సెట్టు, వీటన్నింటినీ మొదట్లో వదిలేయొచ్చు. సెట్టులో రేజర్ బాగుంటే బ్రష్ నాసిగా ఉంటుంది, లేదంటే అటూ ఇటూ. ఏదైనా కప్పు గిన్నె పని చేస్తుంది, అరచెయ్యి కూడా.

నెల తర్వాత

| లక్షణం | ముందు అనుమానించాల్సింది |
|---|---|
| మెడ మీద మాత్రమే మంట | వెంట్రుకల వాలు తప్పడం (మెడ మీద అది పక్కకు తిరుగుతుంది) |
| ముఖమంతా మంట | నొక్కుడు, తర్వాత నురగ |
| లాగినట్టు అనిపించడం | బ్లేడు |
| ఒకవైపే గాట్లు | బ్లేడు పక్కకు కూర్చోవడం |
| మంట లేదు, గరుకు మిగులుతోంది | మొదట బ్లేడు, ఆఖర్న రేజర్ |

చివరి వరసలో ఉన్నవాళ్లకే కొత్త రేజర్ మీద ఖర్చు పెట్టడంలో అర్థం ఉంది. అప్పుడు కూడా ఒక్క మెట్టే ఎక్కండి. మైల్డ్ నుంచి మధ్యరకానికి వెళ్లండి, నేరుగా ఆర్41కు కాదు. స్టెయిన్‌లెస్ కొనాలన్న మోజుంటే, ఏ సందు మీ గడ్డానికి సరిపోతుందో తేలాక కొనండి. ఖరీదైనది కాబట్టి అది మళ్లీ మార్చుకునే వస్తువు కాదు.